పొన్ను ఊడదీసిన కర్ర

కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు ముప్ఫై ఒక్క ఏళ్ళు హెడ్ కోచ్‌గా ఉన్న ఆయనకు పిల్లలు పెట్టుకున్న పేరు గజంబద్ద. ముఖాన సార్, వీపు వెనక గజంబద్ద. బ్యాచ్‌లు మారినా పేరు మారలేదు. పాతవాళ్ళు వెళ్తూ వెళ్తూ కొత్తవాళ్ళకు అప్పజెప్పి పోయేవాళ్ళు. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు తిరిగేవాడు గానీ లోపల కాస్త మురిపెంగానే ఉండేది. చరిత్ర పాఠం చెప్పే లెక్చరర్‌ని అదే పిల్లలు ఆవులింత అనేవాళ్ళు. దానితో పోలిస్తే గజంబద్ద బిరుదు కిందే లెక్క.

పేరు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది వడ్రంగి పక్కన రెండు రోజులు కూర్చుని ఒక టేకు కర్ర చేయించాడు. నెట్ ఎత్తు కొలవడానికి. అడుగున రోకలికి ఉన్నట్టు ఇనుప పొన్ను. పొన్నుతో కలిపి కొలిచి, సరిగ్గా రెండు మీటర్ల ఇరవై నాలుగు సెంటీమీటర్ల దగ్గర కర్ర చుట్టూ ఎర్ర గీత గీశాడు. ఆడవాళ్ళ ఆటలో నెట్ పై అంచు ఉండాల్సిన ఎత్తు అది. రోజూ పొద్దున ఆరింటికి కోర్టు మధ్యలో ఆ కర్ర నిలబెట్టి, నెట్ అంచు ఎర్ర గీతకు తగిలేదాకా తాడు బిగించేవాడు. అది అయ్యేదాకా ఏ పిల్లా బంతి ముట్టుకోకూడదు. ఎవరైనా తొందరపడితే, "నెట్ సరిగా లేకుండా ఆడటం, అద్దం లేకుండా బొట్టు పెట్టుకోవడం రెండూ ఒకటే" అనేవాడు.

మొదటి ఏడేళ్ళూ మట్టి కోర్టు. సున్నం గీతలు, వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. ఆ ఏడేళ్ళలోనే ఆయన జట్టు బయటి ఊళ్ళకు పోయి రెండు కప్పులు గెలుచుకొచ్చింది. ఎనిమిదో ఏట కొత్త హాలు కట్టారు. చెక్క నేల. ముఖం చూసుకోవచ్చు అన్నట్టు మెరిసేది. ఆయన ప్రారంభం ముందురోజు చెప్పులు బయట విడిచి, వట్టి కాళ్ళతో లోపలికి నడిచి, స్తంభాలు నిలబెట్టి, కర్ర పెట్టి కొలిచాడు. కర్ర తీసి చూస్తే నేల మీద గోరు గుచ్చినట్టు అర్ధచంద్రాకారంలో గాటు. ఇనుప పొన్ను చేసిన పని. ఆయన ప్రాణం ఉసూరుమంది. అక్కడికక్కడే కూర్చుని స్క్రూడ్రైవర్‌తో పొన్ను ఊడదీసి, ముసలివాళ్ళ చేతికర్రకు ఉండే రబ్బరు తొడుగు తెచ్చి కర్ర అడుగున తొడిగాడు. పారేయడానికి మనసొప్పక పొన్నును తన గదిలో టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడు.

కర్ర మీది ఎర్ర గీత మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పొన్ను పోయిన మేరకు కర్ర రెండు వేళ్ళు పొట్టిదైంది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. ఆయనకే తట్టనప్పుడు ఇంకెవరికి తడుతుంది? బయటి నుంచి వచ్చే రిఫరీలు కూడా, "సార్ కర్ర ఉండగా టేపెందుకు" అని దానితోనే కొలిచి సరే అనేవాళ్ళు.

అక్కణ్ణుంచి ఒక వింత మొదలైంది. సొంత హాల్లో ఆయన జట్టుకు ఓటమి లేదు. వచ్చిన జట్టల్లా అక్కడ తడబడి, బంతులు గీత దాటించి కొట్టుకుని, తెల్లమొహం వేసుకుని పోయేది. అదే జట్టు బయటికి పోయి పెద్ద పోటీల్లో ఫైనల్‌దాకా ఎలాగో లాక్కొచ్చి, ఫైనల్లో బోర్లాపడేది. ఆరుసార్లు ఫైనల్, ఆరుసార్లూ ఓటమి. కొట్టిన బంతి పోయిపోయి నెట్ పైపట్టీకి తగిలేది. "మీ పిల్లలు ఇంట్లో పులి వీధిలో పిల్లి గదండీ" అని ఆవులింత మేష్టారు స్టాఫ్ రూములో నవ్వేవాడు. కోచ్ నవ్వేవాడు కాదు. మట్టి కోర్టు నాటి రెండు కప్పుల వైపు చూపించి, ఆ రోజుల్లో పిల్లలకు గుండె ఉండేదండీ, ఈ నున్నటి నేల మీద పెరిగినవాళ్ళకు అది లేదు అని తేల్చేవాడు.

ఓడినప్పుడల్లా పిల్లల్లో ఎవరో ఒకరు గొణిగేవాళ్ళు, అక్కడ నెట్ ఎత్తుగా అనిపించింది సార్ అని. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఒకావిడ." ఏళ్ళు గడిచేకొద్దీ సామెత మొత్తం చెప్పాల్సిన పనికూడా లేకపోయింది. "మద్దెలా?" అంటే చాలు, ఆ పిల్ల తల దించుకునేది.

ఆయన కూతురు ఆ జట్టులోనే ఆడింది. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు; తోటి పిల్లలు నిచ్చెన అని పిలిచేవాళ్ళు. ఏడో ఏట నుంచి బంతి వెంట తిరిగిన పిల్ల. కాలేజీలో చేరాక ఆయన పెట్టిన షరతు ఒక్కటే. హాల్లో నాన్న లేడు, సారే ఉన్నాడు. ఆ పిల్ల మూడేళ్ళూ ఆ మాట తప్పలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి ఐదో ఫైనల్లో. ఇప్పటికి పద్దెనిమిదేళ్ళయింది. ఐదో సెట్టు, పదమూడు-పదకొండుతో ముందున్నారు. ఇంకో రెండు పాయింట్లు కొడితే కప్పు. బంతి నిచ్చెనకే అందించారు. ఎగిరింది, కొట్టింది, పట్టీకి తగిలి వెనక్కి పడింది. మళ్ళీ అందించారు. మళ్ళీ పట్టీయే. ఆయన చెయ్యెత్తి కూతుర్ని బయటికి రప్పించి ఇంకో పిల్లను పంపాడు. ఆ పిల్లా రెండుసార్లూ పట్టీకే కొట్టింది. పదిహేను-పదమూడుతో కప్పు చేజారింది.

బట్టలు మార్చుకునే గదిలో పదకొండు మంది పిల్లలు గోడకు ఆనుకుని కూర్చున్నారు. తడిసిన మోకాటి పట్టీల వాసన. ఎవరూ ఏడవడం కూడా లేదు. అప్పుడు ఆయన కూతురు తలెత్తి, "నాన్నా, నెట్ ఎత్తుగా ఉంది" అంది.

నాన్నా అన్నందుకే ఆయనకు సగం కోపం వచ్చింది. మిగతా సగం మద్దెల గురించి. అయినా గజంబద్ద గదా, ఊరికే తోసిపారేయలేదు. బయటికి పోయి రిఫరీని బతిమాలి, విప్పబోతున్న నెట్‌ను ఆపించి, స్టీలు టేపుతో కొలిపించాడు. రెండు ఇరవై నాలుగు. వెంట్రుకవాసి తేడా లేదు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి అందరి ముందూ చెప్పాడు.

"కొలిపించాను. సరిగ్గా ఉంది. నీకు చెయ్యి ఉంది, గుండె లేదు. భయపడ్డావు, అంతే."

ఆ పిల్ల మర్నాడు బూట్లు ఉతికి ఆరబెట్టి ఎవరికో ఇచ్చేసింది. మళ్ళీ బంతి ముట్టుకోలేదు. ఆయన వారం రోజులు చూసి, పోనీలే, గుండె లేనిదాన్ని లాగి మాత్రం ఏం లాభం అనుకున్నాడు. తర్వాత ఏడాది ఆరో ఫైనల్, ఆరో ఓటమి. ఆ తర్వాత ఫైనల్‌దాకా పోవడం కూడా మానేశారు.

కూతురు కళ్ళజోళ్ళ షాపులో చేరింది. పని నేర్చుకుంది, బాగా నేర్చుకుంది. షాపు వాళ్ళు రెండుసార్లు వేరే చోట పెద్ద షాపు అప్పగిస్తామన్నారు. నావల్ల కాదని చెప్పేసింది. బండి నడపడం నేర్చుకోమంటే వద్దంది. కలిసి పనిచేసే ఒకతను, నెమ్మదస్తుడు, పెళ్ళి చేసుకుందామని ఏడాదిపాటు అడిగాడు. ఆమెకూ ఇష్టమే. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అంటూ ఉండగా అతను విసిగి వెళ్ళిపోయాడు. తల్లి అడిగితే నవ్వేసేది. "నాకు గుండె లేదు కదమ్మా, డాక్టరుగారు చెప్పారుగా" అని తండ్రి గదివైపు చూపించేది. ఇంట్లో అదొక హాస్యంలా స్థిరపడిపోయింది. ఆయన కూడా ఒకటి రెండుసార్లు నవ్వాడు.

ఇదంతా అలాగే సాగిపోయేదే. రిటైరయ్యే నెలలో చార్జి తీసుకోవడానికి కొత్త కోచ్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, బయటి మనిషి, ఆయన పేరుప్రతిష్ఠలు ఎరగదు. స్టోరు గదిలో బంతులు, నెట్లు లెక్క చూసుకుని హాల్లోకి వచ్చింది. ఆయన కర్ర తెచ్చి నిలబెట్టి, నెట్ అంచు ఎర్ర గీతకు ఎలా తగులుతుందో చూపించాడు. ఆమె మర్యాదగా విని, సంచిలోంచి టేపు తీసి పక్కన పట్టింది. ఒకసారి చూసి, వంగి మళ్ళీ చూసింది.

"సార్, రెండు ఇరవైన్నర వస్తోంది."

టేపు సాగి ఉంటుందమ్మా అన్నాడు. ఆమె ఇంకో టేపు తెచ్చింది. అదే అంకె. ఆయన ఆ టేపు చేతిలోకి తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, కర్రను అడుగు నుంచి గీతదాకా స్వయంగా కొలిచాడు. మూడోసారి కొలుస్తుండగా ఆయన వేలు రబ్బరు తొడుగుకు తగిలింది. అక్కడే ఆగిపోయింది.

ఆయన లేచి తన గదికి నడిచాడు. టేబుల్ మీద రేపటి జట్టు కాగితాలు, వాటి మీద ఇనుప పొన్ను. ఇరవై నాలుగేళ్ళుగా రోజూ చేత్తో ఎత్తి, కాగితం తీసి, మళ్ళీ పెడుతున్న వస్తువు. అది తెచ్చి, తొడుగు లాగేసి, కర్రకు బిగించి నిలబెట్టాడు. ఎర్ర గీత నెట్ అంచును దాటి రెండు వేళ్ళ పైన నిలిచింది.

కొత్త కోచ్ తెలివైన మనిషి, అడగకుండానే గ్రహించింది. "ఎవరికీ చెప్పను సార్. రేపటి నుంచి నెట్ సరిచేసుకుంటాను. వదిలేయండి" అంది.

వదిలేద్దామనే అనుకున్నాడు. మర్నాడు పొద్దున గ్యాలరీలో ఓ మూల కూర్చుని ప్రాక్టీసు చూశాడు. నెట్ సరైన ఎత్తులో ఉంది. పిల్లలు వరసగా వచ్చి ఎగిరి కొట్టారు. మొదటి పిల్ల బంతి పట్టీకి తగిలింది. రెండో పిల్లదీ అంతే. నాలుగో పిల్ల దిగి, చెయ్యి చూసుకుని, "మేడమ్, నెట్ ఎత్తుగా ఉంది" అంది. కొత్త కోచ్ తేలిగ్గా, "అవును, ఎత్తించాను. వారంలో అలవాటైపోతుంది" అంది. ఆ పిల్ల సరేనని వరస చివరికి పరుగెత్తింది.

అంతే. వారంలో అలవాటైపోయే సంగతి. ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. గెలిచిన ఆటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వచ్చి తడబడి ఓడిపోయిన జట్ల మొహాలు గుర్తొచ్చాయి. ఓడినవీ ఆయనవి కావు, గెలిచినవీ ఆయనవి కావు. అవి పోతే పోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నారని ఎంతమందిని తల దించుకునేలా చేశాడో. తీరా చూస్తే మద్దెల నిజంగానే ఓడు. వాళ్ళల్లో ఒకతె మాత్రం ఇంకా తల ఎత్తలేదు.

పొన్ను మళ్ళీ ఊడదీసి జేబులో వేసుకుని, ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి మొత్తం విని, పొన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంతదానికా అన్నట్టు చూసింది.

"దానికి చెప్పకండి" అంది చివరికి.

"చెప్పొద్దా?"

"చెబితే మీ బరువు దిగుతుంది. దించి ఎక్కడ పెడతారు? దాని నెత్తినేగా."

ఆవిడ మళ్ళీ సూది అందుకుని, నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి దానికి, ఏదో ఒకలా సర్దుకుని బతుకుతోంది అని తనలో తను అనుకున్నట్టు అంది.

వారం తర్వాత వీడ్కోలు సభ. హాల్లోనే. ఎక్కడెక్కడి పాత పిల్లలో వచ్చారు, కొందరి పక్కన పెళ్ళికెదిగిన కూతుళ్ళు. ప్రిన్సిపాల్ ఒక గాజుపెట్టె చేయించాడు. అందులో ఆ కర్రను నిలబెట్టి గోడకు బిగించబోతున్నారట. "మనుషులు అబద్ధం చెప్పొచ్చు, ఈ కర్ర చెప్పదు" అన్నాడు మైకులో. చప్పట్లు. కొత్త కోచ్ నేలచూపులు చూస్తూ కూర్చుంది. ఐదో ఫైనల్లో చివర దిగి పట్టీకి కొట్టిన పిల్ల, ఇప్పుడు నలుగురికి పని చెప్పే ఆఫీసరు, వచ్చి ఆయన చేతులు పట్టుకుని, మీరు తిట్టిన తిట్లే మమ్మల్ని మనుషుల్ని చేశాయి సార్ అంది. మాట్లాడమని ఆయన చేతికి మైకిచ్చారు. రాత్రంతా కూర్చుకున్న మాటలు నోట్లో ఆరిపోయాయి. అందరికీ కృతజ్ఞతలు అని మూడుసార్లు అని కూర్చున్నాడు. సార్‌కు దుఃఖం ముంచుకొచ్చింది పాపం అనుకున్నారు జనం.

కూతురు సభకు రాలేదు. షాపులో సెలవు దొరకలేదని చెప్పింది.

మర్నాడు ఆయనే షాపుకు పోయాడు, కళ్ళజోడు మార్పించుకునే వంకతో. మధ్యాహ్నం, జనం పల్చగా ఉన్నారు. పొడుగాటి గాజుబల్ల వెనక ఆమె ఏదో కళ్ళజోడు చెవికొమ్మ వేడిచేసి వంచుతోంది. ఆయన్ని చూసి, "ఏంటి నాన్నా, ఇంత దూరం వచ్చావు? రిటైరైన మర్నాడే ఇంట్లోంచి గెంటేసిందా అమ్మ?" అంది.

కళ్ళజోడు మార్చాలమ్మా అంటూనే ఆయన జేబులోంచి పొన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ టేబుల్ మీద ఉండేది కదూ. నా నోటుపుస్తకాల మీద కూడా పెట్టుకునేదాన్ని."

ఆయన చెప్పాడు. వరసగా, ఆటకు ముందు పిల్లలకు చెప్పినట్టు, ఏదీ వదలకుండా చెప్పాడు. నేల మీద గాటు, రబ్బరు తొడుగు, రెండు టేపులు, రెండు వేళ్ళు. ఆమె చేతిలో కళ్ళజోడు చల్లబడి అలాగే వంకరగా ఉండిపోయింది. చెప్పడం అయ్యాక కూడా ఆమె పొన్ను వైపే చూసింది.

"అంటే, నేను భయపడలేదా?"

"లేదమ్మా. నువ్వు ఎప్పటిలాగే కొట్టావు. నేర్పిన ఎత్తు తప్పు."

"నాక్కూడా అలాగే అనిపించింది ఆ రోజు" అంది ఆమె. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. "చేతులు వణకలేదు, కాళ్ళు చల్లబడలేదు. నెట్టే ఎత్తుగా ఉందనుకున్నాను. నువ్వు కొలిపించి వచ్చి చెప్పావు. నువ్వు కొలిచాక ఇంకేముంది? అందుకని నమ్మాను. భయపడ్డాను కాబోలు, నాకే తెలియలేదు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత నిజంగానే పట్టుకుంది నాన్నా. ఏది చేయబోయినా. అప్పటిదాకా లేదు."

ఆయన బల్ల మీదుగా చెయ్యి చాచాడు. ఏదో అనబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ఇప్పుడేం అనకు." లెక్క తెగనివాళ్ళలా అంది. "అది భయం కాకపోతే మరి ఇన్నాళ్ళూ నేను దేనికి ఆగినట్టు?"

అంతలో చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని ఎవరో ఒకావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. కూతురు అటు తిరిగి, ఆవిడకు కుర్చీ చూపించి, రెండు నిమిషాలండీ అంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె మొహం షాపు మొహం అయిపోయింది. సొరుగులోంచి చిన్న స్కేలు తీసింది.

"కళ్ళజోడు మార్చాలన్నారు కదా. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక హాలు బయట ఆమె ఆయన్ని మీరు అనడం అదే మొదలు. హాల్లో సార్ అన్న మూడేళ్ళలో కూడా ఇంత దూరం లేదు.

"గడ్డం కాస్త పైకి ఎత్తండి. నా చెవి వైపు చూడండి."

స్కేలు ఆయన ముక్కు మీద ఆన్చి, ఒక కంటిపాప నుంచి రెండో కంటిపాపదాకా చూసి, కాగితం మీద అంకె వేసింది. ఆమె వేళ్ళు చల్లగా, నిలకడగా ఉన్నాయి. ఆయన లేవబోయాడు. ఉండండి అని మళ్ళీ స్కేలు పెట్టింది.

"ఒకసారి చూశావుగా అమ్మా."

"మేం రెండుసార్లు చూస్తామండీ. మొదటి కొలత నమ్మం."

రెండో అంకె కూడా వేసింది. రెండూ ఒకటే. నాలుగు రోజులాగి రమ్మని చీటీ చింపి ఇచ్చింది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని తలుపుదాకా నడిచాడు. పొన్ను బల్ల మీదే వదిలాడు. మరిచిపోయి కాదు.

"ఏవండీ, మీ వస్తువు" అని వెనక నుంచి పిలిచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పొన్ను ఆయన అరచేతిలో పెట్టి, తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన బయటికి నడిచాక, ఆ చిన్నపిల్లను ఎత్తుకుని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టడం అద్దంలోంచి కనిపించింది.

ఆయన బస్సు కోసం నిలబడ్డాడు. పొన్ను చొక్కా జేబులో ఉంది. దాని బరువుకి చొక్కా ఒకవైపుకు కిందికి లాగేస్తోంది. రెండుసార్లు సర్దుకున్నాడు. మూడోసారి సర్దుకోలేదు.